ఆ ఉబ్బు రోడ్డుదా, బండిదా?

పాత తారు మీద కొత్త పొర వేయడానికి రోడ్డు లెవెల్స్, అంటే చోటుచోటుకూ దాని ఎత్తులు, కావాలన్నారు. ఆరు కిలోమీటర్ల పొడవు, ఏడు మీటర్ల వెడల్పు, మధ్యలో ఓ నాలుగు వందల మీటర్ల మేర రెండు వైపులా కమ్ముకున్న పెద్ద చెట్లు. అప్పటిదాకా నేను ఇలాంటి పనులన్నీ ఆటో లెవెల్ అనే దుర్భిణీ, స్టాఫ్ అనే అంకెల కర్ర పట్టుకుని చేసినదాన్నే. పది మీటర్లకో క్రాస్ సెక్షన్, అంటే రోడ్డుకు అడ్డంగా ఒక కోత, ఒక్కో సెక్షన్‌లో ఏడు రీడింగులు. లెక్కేస్తే నాలుగు వేల పైచిలుకు. ఈసారి లేజర్ స్కానర్ బిగించిన బండితో చేద్దామన్నారు. స్కానింగ్ ఒక్క పూటలో అయిపోయింది. మోడల్ చేతికి రావడానికి మాత్రం ఆరు వారాలు పట్టింది.

ఆ ఆరు వారాల్లో ఎక్కువ భాగాన్ని ఒకే అనుమానం మింగేసింది. తెర మీద కనిపిస్తున్న ఎత్తుపల్లం నిజంగా రోడ్డుదా, లేక మా బండి తెచ్చిపెట్టిందా?

ముందు బండి సంగతి. పైకప్పు మీద ఒక చట్రం, దాని మీద స్కానర్, జీపీఎస్ యాంటెన్నా, ఐఎంయూ అనే చిన్న డబ్బా. వెనక చక్రానికి తిరిగిన దూరం లెక్కపెట్టే ఎన్‌కోడర్. స్కానర్ అద్దం సెకనుకు 200 సార్లు తిరుగుతుంది, ఆ సెకనులోనే పది లక్షల సార్లు దూరం కొలుస్తుంది. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వెళ్తే సెకనుకు పది మీటర్లు, అంటే రోడ్డు మీద ప్రతి ఐదు సెంటీమీటర్లకు ఒక స్కాన్ గీత పడుతుంది. ఆ గీత మీద, బండికి సరిగ్గా కింద, మూడు మిల్లీమీటర్లకో బిందువు ఉంటుంది. పక్కకు పోయేకొద్దీ కిరణం ఏటవాలుగా తగులుతుంది కాబట్టి బిందువులు పలచబడతాయి.

వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ స్కానర్‌కు తెలిసింది ఒక్కటే: "నాకు ఇంత కోణంలో, ఇంత దూరంలో ఏదో ఉంది." ఆ క్షణంలో తను భూమి మీద ఎక్కడుందో, ఎటు వాలి ఉందో దానికి తెలియదు. ఆ సంగతి చెప్పాల్సింది జీపీఎస్, ఐఎంయూ కలిసి. జీపీఎస్ ఎక్కడున్నామో చెబుతుంది, ఐఎంయూ సెకనుకు 200 సార్లు వంపులూ కుదుపులూ రాసుకుంటుంది. ఈ రెండిటినీ కలిపి బండి నడిచిన దారిని తిరిగి కడతారు. దాన్నే ట్రాజెక్టరీ అంటాం. పాయింట్ క్లౌడ్, అంటే కొలిచిన బిందువుల గుంపు, మొత్తం ఆ ట్రాజెక్టరీ మీద వేలాడుతూ ఉంటుంది. అది రెండు సెంటీమీటర్లు లేస్తే రోడ్డు కూడా రెండు సెంటీమీటర్లు లేస్తుంది. ఈ మాట మొదటి రోజే విన్నాను. అర్థమైంది మాత్రం మూడో వారంలో.

బండి బయలుదేరే ముందు ఆకాశం బాగా కనిపించే చోట ఐదు నిమిషాలు కదలకుండా నిలబెట్టాం. తర్వాత ఐఎంయూ కుదురుకోవడానికి ఎనిమిది అంకె ఆకారంలో నాలుగు చుట్లు. యాంటెన్నాకూ ఐఎంయూకూ మధ్య దూరాన్ని టేపుతో మూడు దిక్కుల్లోనూ మూడేసి సార్లు కొలిచాం. ఇక్కడ ఎత్తులో సెంటీమీటరు తప్పితే మొత్తం రోడ్డు సెంటీమీటరు పైకో కిందకో పోతుంది. అది అన్ని ట్రిప్పుల్లోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి ట్రిప్పులను ఒకదానితో ఒకటి పోల్చి చూసినా బయటపడదు.

దాన్ని బయటపెట్టడానికే టార్గెట్లు. రోడ్డు అంచున తెల్లటి, నల్లటి చదరాల పెయింటు గుర్తులు వేసి, వాటి ఎత్తులను బెంచ్‌మార్క్, అంటే ఎత్తు ముందే తెలిసిన గుర్తు, నుంచి డిజిటల్ లెవెల్‌తో తెస్తారు. మా సీనియర్ సార్ 200 మీటర్లకొకటి వేయమన్నారు.

"సార్, లేజర్ బండి పెట్టుకుని మళ్లీ లెవెలింగ్ ఎందుకు?" అన్నాను.

"వేయమ్మా, తర్వాత నువ్వే వెతుక్కుంటావు" అన్నారాయన.

వేశాను. చెట్ల కింద మాత్రం వేయలేదు. ఎండిన ఆకులు ఊడ్చి పెయింటు వేయాలి, ఆరేదాకా ట్రాఫిక్ ఆపాలి. చెట్లు మొదలయ్యే చోట ఒకటి, అయిపోయే చోట ఒకటి ఉన్నాయి కదా, చాల్లే అనుకున్నాను. ఈ బద్ధకం ఖరీదు తర్వాత తెలిసింది.

ఒక ట్రిప్పు పోవడానికి, ఒక ట్రిప్పు రావడానికి. ఒక్కోటి పది నిమిషాలు. ఆకాశంలోకి పోయిన కిరణాలు తిరిగి రావు కాబట్టి తీసేయగా, ట్రిప్పుకు నలభై కోట్ల చిల్లర బిందువులు మిగిలాయి. ఒక్కో బిందువుకు ముప్పై బైట్ల లెక్కన ట్రిప్పుకు పన్నెండు జీబీ.

డేటా తెరవగానే తగిలిన మొదటి దెబ్బ సర్వేది కాదు, ఫైలుది. ఎత్తును బట్టి రంగులు వేసి క్రాస్ సెక్షన్ కోశాను. రోడ్డు మెట్లుమెట్లుగా ఉంది. సన్నటి మెట్లు, ఒక్కోటి సరిగ్గా సెంటీమీటరు ఎత్తు, నలభై సెంటీమీటర్ల వెడల్పు. పాత పొరల అంచులు బయటపడ్డాయేమో అని ఒక పూటంతా ఫొటోలు వెతికాను. చివరికి వెడల్పే పట్టించింది. రోడ్డు పక్కవాలు రెండున్నర శాతం. అంటే సెంటీమీటరు దిగడానికి నలభై సెంటీమీటర్లు పోవాలి. బిందువులను దాచే లాస్ (LAS) ఫైలులో కోఆర్డినేట్లను పూర్ణాంకాలుగా దాచి, వాటిని ఒక స్కేల్‌తో గుణిస్తారు. ఆ స్కేల్ మిల్లీమీటరు ఉండాల్సింది, ఎగుమతి చేసేటప్పుడు సెంటీమీటరుగా పెట్టారు. అందుకే ప్రతి ఎత్తూ దగ్గర్లోని సెంటీమీటరుకు అతుక్కుపోయింది. మళ్లీ ఎగుమతి చేయిస్తే మెట్లు మాయం.

అదే వారం నా సొంత స్క్రిప్టులో ఇంతకన్నా పెద్ద తప్పు చేశాను. మెమరీ మిగులుతుందని కోఆర్డినేట్లను 32 బిట్ల ఫ్లోట్‌లో, అంటే తక్కువ అంకెలు పట్టే దశాంశ సంఖ్యగా, పెట్టాను. పదిహేను లక్షల మీటర్ల ప్రాంతంలో ఉన్న సంఖ్య ఆ ఫ్లోట్‌లో పన్నెండున్నర సెంటీమీటర్ల మెట్ల మీదే నిలుస్తుంది. బిందువులన్నీ ఊచల్లా వరసలు కట్టి నిలబడ్డాయి. ముందు ఒక స్థానిక మూలబిందువును తీసేసి, మిగిలిన చిన్న సంఖ్యలతో పని చేయాలి. ఇది అందరికీ తెలిసిన సంగతే, అయినా ప్రతివాళ్లూ ఒకసారి చేసే తప్పే.

పక్కన నడిచిన బండ్ల గొడవ గురించి ఎక్కువ చెప్పను. మాతో సమానంగా వచ్చిన ఒక వ్యాను పాయింట్ క్లౌడ్‌లో రైలంత పొడవు సాగింది, దాని వెనక రోడ్డు మీద నీడలాంటి ఖాళీ మిగిలింది. తిరుగు ట్రిప్పు డేటాతో ఆ ఖాళీ నిండింది.

ఇక అసలు కథ. రెండు ట్రిప్పులనూ ఒకదాని మీద ఒకటి వేసి ఒకేచోట క్రాస్ సెక్షన్ కోస్తే రెండు గీతలు కనిపించాయి. ఒకే గీత కావాలి కదా. కొన్ని చోట్ల ఆ రెండు గీతలూ దాదాపు సమాంతరంగా, ఒకటి పైన ఒకటి కింద ఉన్నాయి. మిగతా చోట్ల, కొద్దిగా అయినా, కత్తెరలా ఒకదాన్నొకటి దాటుతున్నాయి.

కత్తెరే తేలిక. స్కానర్‌ను ఐఎంయూకు సరిగ్గా ఏ కోణంలో బిగించామో ఆ కోణంలో చిన్న తప్పు. పదో వంతు డిగ్రీ పక్కకు వాలినట్టు తప్పు పడితే, బండికి ఐదు మీటర్ల దూరంలో దాదాపు తొమ్మిది మిల్లీమీటర్ల తేడా వస్తుంది. బండి ఎదురు దిక్కులో వచ్చినప్పుడు అదే తప్పు రోడ్డుకు రెండో వైపు పడుతుంది. అందుకే రెండు గీతలూ దాటుకుంటాయి, తేడా రెట్టింపై కనిపిస్తుంది. చదునైన చోట పది సెక్షన్లు తీసుకుని, కత్తెర మూసుకునేదాకా కోణం సరిచేశాను. ఒకసారి సరిచేస్తే ఆరు కిలోమీటర్లకూ సరిపోయింది, ఎందుకంటే ఆ తప్పు మారదు.

సమాంతర గీతల తప్పు మారుతూ ఉంటుంది. రెండు ట్రిప్పుల మధ్య ఎత్తు తేడాను రోడ్డు పొడవునా గ్రాఫు వేశాను. చాలా దూరం సెంటీమీటరు లోపే. చెట్లు రాగానే మెల్లగా పెరిగి, సరిగ్గా మధ్యలో నాలుగున్నర సెంటీమీటర్లు తాకి, మళ్లీ మెల్లగా దిగింది. నున్నటి ఉబ్బు, ఎక్కడా విరుపు లేదు. పోయే ట్రిప్పును మాత్రమే చూస్తే చెట్ల కింద రోడ్డు ఒబ్బిడిగా మూడు సెంటీమీటర్లు లేచినట్టుంది. వచ్చే ట్రిప్పును చూస్తే ఒకటిన్నర సెంటీమీటర్లు కుంగినట్టుంది. ఒక్క ట్రిప్పుతో ఆపేసి ఉంటే నేను ఆ ఉబ్బును నిజమనే నమ్మేదాన్ని. అంత అందంగా, అంత రోడ్డులాగా ఉంది.

ఒక సెంటీమీటరుకు విలువేమిటో చెబుతాను. ఆరు కిలోమీటర్లు, ఏడు మీటర్లు. ఆ మొత్తం మీద సెంటీమీటరు తేడా అంటే 420 ఘనపు మీటర్ల తారు మిశ్రమం, దాదాపు వెయ్యి టన్నులు. చెట్ల కిందున్న నాలుగు వందల మీటర్లలో మాత్రమే లెక్కేసినా మూడు సెంటీమీటర్ల తప్పంటే ఎనభై ఘనపు మీటర్ల పైమాటే. ఉబ్బు ఉందనుకుని అక్కడ పాత తారు గీకేయించి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

రెండు రోజులు దాన్ని "ఈ చోట తప్పు" అనుకుంటూ సరిచేయబోయాను. చైనేజ్, అంటే రోడ్డు మొదటి నుంచి దూరం, ప్రకారం ఒక దిద్దుబాటు, రెండు ట్రిప్పులకూ సగటు. ఎటు లాగినా ఇంకో దగ్గర ఊడింది. సార్ వచ్చి నా గ్రాఫు చూసి ఒక్క ప్రశ్న వేశారు.

"అడుగున దూరం ఎందుకు వేశావు? టైము వెయ్యి."

అడ్డంగా జీపీఎస్ టైము పెట్టి, ప్రతి ట్రిప్పుకూ విడిగా గీశాను. అప్పుడు విషయం తేటతెల్లమైంది. చెట్ల కింద ఉపగ్రహ సంకేతాలు తెగుతూ, ఆకులకూ కొమ్మలకూ తగిలి వంకరగా వస్తుంటాయి. ఆ నలభై సెకన్లూ ట్రాజెక్టరీని మోసేది ఎక్కువగా ఐఎంయూనే. దానికి వంపులు బాగా తెలుసు, కానీ ఎత్తును అది పట్టుకుని నిలబడలేదు, క్షణక్షణానికీ కొద్దికొద్దిగా జారుతుంది. సాఫ్ట్‌వేరు ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి రెండుసార్లు లెక్కించి కలుపుతుంది కాబట్టి, చెట్లు మొదలయ్యే చోటా అయిపోయే చోటా తప్పు దాదాపు ఉండదు. రెండు కొసలకూ దూరమైన నడిమధ్య ఎక్కువ ఉంటుంది. అందుకే ఉబ్బు ఆకారం. అంటే ఆ తప్పు నడిచేది రోడ్డును బట్టి కాదు, గడియారాన్ని బట్టి. ఒకే చోటును పోయేటప్పుడు ఒక క్షణంలో చూశాం, వచ్చేటప్పుడు ఇంకో క్షణంలో చూశాం. ఆ రెండు క్షణాల తప్పులకూ ఒకదానితో ఒకదానికి చుట్టరికం లేదు. రోడ్డు ఉబ్బు అయితే రెండు ట్రిప్పుల్లోనూ అక్కడే ఉండాలి.

ఈ ఒక్క సంగతి తెలిసాక మిగతా చాలా చిక్కులు విడిపోయాయి. జారుడు నెమ్మది. పది, ఇరవై సెకన్లలో అది సెంటీమీటర్లలోకి వెళ్తుంది గానీ సెకనులో మూడో వంతులో ఏమీ చేయలేదు. సెకనుకు పది మీటర్ల వేగంలో మూడు మీటర్ల పొడవున్న గతుకును బండి ఆ మూడో వంతులోనే దాటేస్తుంది. కాబట్టి చిన్న గతుకులను డేటాలో నమ్మొచ్చు, పొడవాటి అలలను అనుమానించాలి.

ఇదే లెక్క ఐఆర్ఐకి కూడా పనికొచ్చింది. ఐఆర్ఐ అంటే అంతర్జాతీయ గరుకు సూచిక. 1982లో ప్రపంచ బ్యాంకు బ్రెజిల్‌లో చేయించిన ప్రయోగం నుంచి పుట్టింది. ఒక ఊహా బండి, నిజానికి బండిలో నాలుగో వంతు, ఒక చక్రమూ దాని స్ప్రింగూ, ఆ రోడ్డు మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతే స్ప్రింగు కిలోమీటరుకు మొత్తం ఎన్ని మీటర్లు ఆడుతుందో అదే ఆ సంఖ్య. దాన్ని బాగా కదిలించేవి దాదాపు 1.3 నుంచి 30 మీటర్ల పొడవున్న అలలు. మా వేగంలో 30 మీటర్లంటే మూడు సెకన్లు. నాలుగు వందల మీటర్ల పొడవు సాగిన జారుడు ఆ మూడు సెకన్లలో ఒక చిన్న వాలుగానే కనిపిస్తుంది. అందుకే దిద్దని డేటాతోనూ, దిద్దిన డేటాతోనూ ఐఆర్ఐ దాదాపు ఒకేలా వచ్చింది. అదే డేటాతో తారు పరిమాణం లెక్కిస్తే మాత్రం పూర్తిగా తప్పు. "ఈ డేటా మంచిదేనా?" అని ఎవరైనా అడిగితే "దేనికి?" అని తిరిగి అడగడం అప్పటి నుంచి అలవాటైంది.

దిద్దడానికి చెట్ల కింద నమ్మదగిన ఎత్తులు కావాలి. నేను టార్గెట్లు వేయని చోటే. సార్ ఏమీ అనలేదు, లెవెల్ పెట్టె నా ముందు పెట్టారంతే. అయితే ఎత్తు కోసమైతే స్కాన్ చేసేనాటికే టార్గెట్ ఉండాలని లేదు. లేజర్ కాంతి ఎంత బలంగా తిరిగొచ్చిందో చూపే తీవ్రత చిత్రంలో రోడ్డు మీది తెల్ల బాణాల కొసలు, గీతల చివరలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ కొసలు ఎక్కడున్నాయో చూసుకుని, వాటి పక్కనే ఉత్త తారు మీద స్టాఫ్ పెట్టాను. చోటు ఐదు సెంటీమీటర్లు అటూ ఇటూ అయినా రెండున్నర శాతం వాలు మీద ఎత్తులో తేడా మిల్లీమీటరు పైచిలుకే. ఎనిమిది ఎత్తులు తెచ్చాను. ప్రతి ట్రిప్పుకూ విడిగా, టైము మీద ఒక నునుపైన దిద్దుబాటు గీత గీసి, ఆ క్షణాల్లో పడిన బిందువులన్నిటినీ అంత మేర దించాను లేదా ఎత్తాను. నాలుగున్నర సెంటీమీటర్ల తేడా నాలుగు మిల్లీమీటర్లకు వచ్చింది. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

తెల్లారి ఇంకోటి. పక్కపక్క బిందువులకు దగ్గరగా వెళ్లి చూస్తే, లేన్ల మధ్య తెల్ల గీతలు రోడ్డు మీద తేలుతున్నాయి. నిజంగా తేలుతున్నట్టే: పదిహేను సెంటీమీటర్ల వెడల్పు పట్టీ, రెండు అంచుల్లో నిలువుగా తెగి, చుట్టూ ఉన్న తారు కంటే ఏడు మిల్లీమీటర్లు పైన. కాచి పోసే తెల్ల రంగు మందంగానే ఉంటుంది, రెండు మూడు మిల్లీమీటర్లు. మరి మిగతా నాలుగు? తెల్ల రంగులో కలిపే గాజు పూసలు కాంతిని నేరుగా వచ్చిన దారినే తిప్పి పంపుతాయి, అందుకే రాత్రి హెడ్‌లైట్లకు మెరుస్తాయి. లేజర్‌కు కూడా అంతే. తిరిగొచ్చిన కాంతి అంత బలంగా ఉంటే స్కానర్ దాన్ని పిసరంత ముందే వచ్చినట్టు లెక్కేసుకుంటుంది, దూరం తగ్గిస్తుంది, గీత పైకి లేస్తుంది. కాబట్టి ఈ ఉబ్బు కొంత రోడ్డుది, కొంత యంత్రానిది. అరిగిపోయిన గీతల దగ్గరా, కొత్తగా వేసిన గీతల దగ్గరా తేడాను తీవ్రతతో పోల్చి ఒక దిద్దుబాటు పట్టిక చేశాను. పూర్తిగా పోలేదు. చివరికి కొత్త పొర (ఓవర్‌లే) కోసం చేసే మోడల్‌లో గీతల మీది బిందువులనే పక్కన పెట్టి, అటూ ఇటూ ఉన్న తారుతో ఆ పట్టీని పూరించాను. గీతను ఎలాగూ గీకేస్తారు కదా.

రోడ్డును మిగతా లోకం నుంచి వేరుచేయడం నేను భయపడినంత కష్టం కాలేదు. తిరగేసిన పాయింట్ క్లౌడ్ మీద ఒక గుడ్డ పరిచినట్టు లెక్కించి నేలను పట్టుకునే పద్ధతి ఒకటుంది, దానితో చెట్లూ బండ్లూ పోయాయి. గడ్డి పెరిగిన అంచుల దగ్గర తారు ఎక్కడ ఆగిందో మాత్రం చేత్తోనే గీసుకోవాల్సి వచ్చింది. కర్బ్, అంటే రోడ్డు పక్క గట్టు, ఉన్నచోట అంచు నిక్కచ్చిగా దొరుకుతుంది. కాకపోతే ఒకే కిరణం సగం కర్బ్ పైనా సగం కిందా పడితే గాల్లో ఒక అబద్ధపు బిందువు పుడుతుంది, అలాంటివి ఏరేయాలి.

మోడల్‌గా మొదట త్రిభుజాల వల అల్లాను. అందరూ చేసేదే. కానీ ప్రతి బిందువునూ వలలో పెడితే లేజర్ సొంత వణుకు, ఓ మూడు నాలుగు మిల్లీమీటర్లది, రోడ్డంతా ఇసక కాగితంలా కనిపిస్తుంది. పైగా డిజైన్ చేసేవాళ్ల కంప్యూటర్ ఆ వలను తెరవలేక చతికిలబడింది. అప్పుడు మార్గం మార్చాను. రోడ్డు మధ్య గీతను వెన్నెముకగా పెట్టుకుని, దాని వెంట వంపులు తిరుగుతూ సాగే గళ్లు. పొడవునా పది సెంటీమీటర్లు, అడ్డంగా ఐదు సెంటీమీటర్లు. ప్రతి గడిలో పడిన బిందువుల మధ్యస్థ విలువే ఆ గడి ఎత్తు. సగటు తీసుకుంటే ఒక్క ఎండుటాకు చాలు గడిని లేపడానికి. అన్నిటికన్నా కింది బిందువు తీసుకుంటే వణుకులో కింద పడినదే గెలుస్తుంది, రోడ్డు మొత్తం కొన్ని మిల్లీమీటర్లు దిగిపోతుంది. మధ్యస్థం దేనికీ లొంగదు. వాహనాల సిమ్యులేషన్ కోసం వాడే ఓపెన్ సీఆర్‌జీ ఫార్మాట్‌లో కూడా రోడ్డును ఇలా వంపు తిరిగే గళ్లుగానే దాస్తారు. దూరమూ అడ్డమూ చెబితే ఎత్తు వస్తుంది, అంతే.

గళ్లలో ఖాళీలూ మిగిలాయి. ఒకచోట నీళ్లు నిలిచి ఉన్నాయి. తడి మీద లేజర్ అద్దం మీద పడ్డట్టు ముందుకు జారిపోతుంది, తిరిగి రాదు. వచ్చినా కొన్నిసార్లు ఎదురుగా ఉన్న స్తంభానికి తగిలి వస్తుంది, ఆ స్తంభం రోడ్డు కింద తలకిందులుగా పాతేసినట్టు కనిపిస్తుంది. ఆ మడుగును చుట్టుపక్కల ఎత్తులతో పూరించమని ఒకరన్నారు. నేను ఒప్పుకోలేదు. నీళ్లు నిలిచాయంటేనే అక్కడ పల్లం ఉందని. అంచుల నుంచి పూరిస్తే ఆ పల్లం చదునైపోతుంది. ఎండాక వెళ్లి లెవెల్ తెచ్చాం, మధ్యలో ముప్పై ఒక్క మిల్లీమీటర్ల పల్లం.

ఇక నునుపు చేయడం. గళ్లు వేశాక కూడా ఎత్తులు పిసరంత వణుకుతాయి, కాబట్టి పొడవునా ఒక కిటికీలో, అంటే కొంత పొడవులో పడిన ఎత్తులకు, సగటు తీసి నునుపు చేస్తాం. ఎంత కిటికీ? పొడవాటిది పెడితే రోడ్డు అందంగా వస్తుంది, అబద్ధంగానూ వస్తుంది. చక్రాల దారుల్లో పడిన లోతులు చూడటానికి మూడు మీటర్ల స్ట్రెయిట్ ఎడ్జ్ అనే తిన్నని పట్టీని అడ్డంగా పెట్టినట్టు కంప్యూటర్లో లెక్కించి, నిజం స్ట్రెయిట్ ఎడ్జ్‌తో పోల్చుకున్నాను. అడ్డంగా అసలు నునుపు చేయకుండా, పొడవునా అర మీటరు మాత్రమే చేస్తే లోతులు రెండు మిల్లీమీటర్లలో కలిశాయి. ఆ అర మీటరునే ఖాయం చేశాను. చెట్ల కింద తప్ప. అక్కడ డేటా నన్ను అంత ఏడిపించింది కాబట్టి, మంచిదని ఐదు మీటర్ల కిటికీ పెట్టాను.

చివరి పరీక్షకు సార్ ఇరవై చైనేజ్‌లు రాసిచ్చారు, నాకు చెప్పకుండా ఎంచినవి. మళ్లీ స్టాఫ్, మళ్లీ లెవెల్. ఒక్కో సెక్షన్‌కు ఏడు, మొత్తం 140 ఎత్తులు. అన్నీ ఆరు మిల్లీమీటర్ల లోపే కలుస్తూ పోతున్నాయి, నేను పుస్తకంలో టిక్కులు పెట్టుకుంటూ పోతున్నాను. చెట్ల కింద రెండో సెక్షన్‌లో, ఎడమ అంచున, స్టాఫ్ పట్టుకున్న తమ్ముడు చెప్పిన రీడింగు మోడల్‌తో పద్నాలుగు మిల్లీమీటర్లు తేడా వచ్చింది. రోడ్డే పైన ఉంది.

"మళ్లీ చూడు" అన్నాను. మళ్లీ అదే.

"స్టాఫ్ కింద రాయి ఉందేమో చూడు."

"రాయి లేదక్కా, రోడ్డే లేచింది" అన్నాడు.

వెళ్లి వంగి చూశాను. తారు వెన్నులా లేచి, నడుమ వెంట్రుకంత పగులు పారింది. అంచు దాటి మట్టిలో చూస్తే చెట్టు వేరు, మణికట్టంత లావు, నేరుగా రోడ్డు కిందికి పోతోంది. రెండు మీటర్ల పొడవు ఉబ్బు. ఆఫీసుకొచ్చి దిద్దిన పాత డేటా తెరిచి చూస్తే పోయే ట్రిప్పులోనూ ఉంది, వచ్చే ట్రిప్పులోనూ ఉంది, ఒకే చోట, ఒకే ఎత్తులో. నా ఐదు మీటర్ల కిటికీ దాన్ని తుడిచేసింది. కిటికీని అక్కడ కూడా అర మీటరుకు దించి మోడల్ మళ్లీ నడిపిస్తే, ఆ నాలుగు వందల మీటర్లలో అలాంటివి ఇంకో ఐదు తేలాయి. అన్నీ ఎడమ అంచునే, అన్నీ చెట్ల ఎదురుగానే.